ఆదివారం తుడవాల్సిన ఇంటూ గుర్తు

సంతాపసభలో మాట్లాడిన వాళ్ళందరూ అబద్ధాలే చెప్పారు. ఒకాయన "ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి" అన్నాడు. ఇంకొకాయన "చిన్నా పెద్దా అందరి పనినీ మెచ్చుకునేవారు" అన్నాడు. ఈ రెండో ఆయన ఇంటి గేటు మీద ఆ మనిషి పెట్టిన ఇంటూ గుర్తు నేను నా కళ్ళతో చూశాను. కొత్తగా బిగించిన గేటు. అది ఒక పక్కకి వాలిందని వీధి వీధంతా చదువుకునేలా, నడిమధ్యన అరచేయంత ఇంటూ. గేటు విప్పి మళ్ళీ బిగించేదాకా ఆ ఇంటివాళ్ళు వెనక దారిన తిరిగారు. ఇప్పుడు ఫొటోకి దండ వేశాక, మెచ్చుకునేవారట.

నేను లేచి "అది నిజం కాదు" అన్నాను. కాలనీ సంఘం సెక్రటరీ చెయ్యి ఊపుతూ, "కూకోండి గుమస్తా గారూ, ఇది కంప్లైంట్లు సెప్పుకునే సోటు కాదు" అన్నాడు. వెనక వరసలో ఒకరు నవ్వారు. ఎవరు నవ్వారో నాకు తెలుసు. అక్కడ చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆయన మంచివాడని నేను అనను. మంచివాడని అనిపించుకోవాలని ఆయనకి ఒక్కరోజు కూడా లేదు. లేనిదాన్ని చచ్చాక అంటగట్టడం నాకు అన్యాయంగా తోచింది.

మా ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఆయన ఎగ్జామినర్. ఫిట్టర్లు బిగించిన పనిని చూసి, తప్పుంటే దాని మీద తెల్లటి మైనపు సుద్దతో ఇంటూ గుర్తు పెట్టడం ఆయన ఉద్యోగం. ఆ సుద్ద వానకి పోదు, చేత్తో రుద్దితే పోదు. కిరోసిన్ గుడ్డతో తుడిస్తేనే పోతుంది. షాపులో ఒక కట్టుబాటు ఉండేది. గుర్తు పెట్టిన చెయ్యే గుర్తు తుడవాలి. పని సరిచేశాక ఫిట్టరు వెళ్ళి ఆయన్ని పిలుచుకు రావాలి. ఆయన చూసుకుని, జేబులోంచి గుడ్డ తీసి తుడవాలి. ఇంకొకరు తుడిస్తే అది దొంగతనం కిందే లెక్క.

రిటైరయ్యాక కొడుకు క్వార్టర్లో ఉండేవాడు. న్యూ సెటిల్‌మెంట్ కాలనీలో మా పక్క క్వార్టరే. రెండిళ్ళ మధ్య నడుమెత్తు గోడ. ఉద్యోగం పోయినా సుద్ద పోలేదు. కుడిచెవి మీద ఎప్పుడూ ఒక ముక్క ఉండేది. బెంగాలీలు ఖొడి దాదా అనేవారు, మనవాళ్ళు సుద్దమావ అనేవారు. వర్క్‌షాపు సైరన్ కూయగానే ఇస్త్రీ చొక్కా వేసుకుని బయటికొచ్చేవాడు. మళ్ళీ భోజనాల సైరన్‌కి లోపలికి పోయేవాడు. ఆ మధ్యలో కాలనీ అంతా ఆయనకి షాపే. టీ కొట్టు బెంచీకి, కాంట్రాక్టరు బిగించిన వీధి కుళాయికి, గుడి కొత్త రెయిలింగ్‌కి, దేనికైనా ఇంటూ పడవచ్చు. ఒక పెళ్ళిలో, పెళ్ళికొడుకు కూర్చోబోయే కుర్చీ కాలికి పెట్టాడు. ఆడపెళ్ళివారు "శుభమా అని ఇదేటి మావా!" అని మొత్తుకుని కుర్చీ మార్చారు. మార్చిన పాత కుర్చీలో బంతి భోజనాలప్పుడు క్యాటరింగు మేస్త్రీ కూర్చున్నాడు. కూర్చుని, పెరుగు గంగాళంతో సహా పడ్డాడు. ఆయన అటువైపు చూడను కూడా చూడకుండా అరటిపండు ఒలుచుకున్నాడు.

ఒప్పుకి గుర్తు పెట్టడం మాత్రం ఎవరూ చూడలేదు. అడిగితే ఒకటే జవాబు.

"బాగున్నదాన్కి గుర్తెందుకు? బాగుండడం దాని పని."

ఇంకొక సంగతి. తప్పు అంటాడు, ఎక్కడో చెప్పడు. ఫిట్టర్లు కాళ్ళావేళ్ళా పడినా చెప్పేవాడు కాదు. "సెప్తే అది నా పనయిపోద్ది. నీ పని నాకెందుకురా?" అనేవాడు.

నేను ఫిట్టర్ని కాదు. స్టోర్స్‌లో గుమస్తాని, ఇప్పటికీ అక్కడే. ఆయన ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒకరోజు గ్యాస్కెట్ల కోసం చీటీ పంపాడు. చీటీ మీద ఒక సంతకం తక్కువ. నేను ఇవ్వలేదు. రూలు అది. అరగంటకి ఆయనే వచ్చాడు. చెవి మీద సుద్ద తీసి, స్టాఫంతా చూస్తుండగా, నా టేబుల్ మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఇంటూ కొట్టి వెళ్ళిపోయాడు. నేను మూడు కాపీలు తీసి కంప్లైంటు పెట్టాను. ఆఫీసరు చదివి నవ్వాడు. అటెండరు కిరోసిన్ తెస్తానంటే వద్దన్నాను. ఎవరు పెట్టారో వాళ్ళే తుడవాలి. ఆ టేబుల్ పాతబడి కండెమ్ అయ్యేదాకా ఆరేళ్ళు ఆ ఇంటూ మీదే ఫైళ్ళు పెట్టి పనిచేశాను. ఇది ఆయన నాకు చేసిన మొదటి అవమానం.

ఇక బండి. నాది పాత మోటర్ సైకిల్. ఏడాదిన్నర కిందట నీలంగా పొగ కక్కడం మొదలుపెట్టింది. పూరీ గేట్ దగ్గర ఒక మెకానిక్కి ఇచ్చాను. మూడు వారాలు ఉంచుకుని, అదే పొగతో, ఒక బోల్టు తక్కువగా తిరిగి ఇచ్చాడు. బోల్టు సంగతి అడిగితే "ఇంజన్ ఖతం దాదా, తుక్కుకి వేసేయండి" అన్నాడు. "అయితే నేనే విప్పి చూసుకుంటాను" అంటే, వెనక నుంచి అతని పార్ట్‌నర్ "బాబూ, ఎ ఆప్నార్ కాజ్ నోయ్" అన్నాడు. ఇది మీ పని కాదు అని. ఆ మాటతో పదిహేను రోజులు సెలవు పెట్టాను. స్పానర్లు కొన్నాను, ఆ బండి తాలూకు సర్వీసు పుస్తకం తెప్పించాను. వరండాలో పేపర్లు పరిచి, బండిని నడుమెత్తు గోడ పక్కన నిలబెట్టి, ఇంజన్ పైభాగం మొత్తం ఊడదీశాను.

హెడ్ దింపి, సిలిండర్ పైకి లాగేసరికి సైరన్ కూసింది. గోడ మీద రెండు మోచేతులు వాలాయి.

"ఏటి గుమస్తా, బండికి పోస్ట్‌మార్టమా?"

నేను విప్పిన నట్లు ఏరి డబ్బాలో వేస్తున్నాను. టేబుల్ రోజు నుంచీ మా మధ్య మాటల్లేవు.

"కాగితాలు సింపుకున్నట్టు సింపేసినావు. మళ్ళీ అతుకుతావా?"

"అతుకుతాను."

అంతే. ఆయన బకెట్టు బోర్లించుకుని గోడ అవతల కూర్చున్నాడు. ఆ రోజు నుంచి సెలవు అయ్యేదాకా లేవలేదు. ఒక్క స్పానరు ముట్టుకోలేదు, ఒక్క సలహా ఇవ్వలేదు.

సిలిండర్ బాగానే ఉంది. రింగులు అరిగాయి, వాల్వులు సరిగ్గా కూర్చోవడం లేదు. పిస్టన్‌కి కొత్త రింగులు ఎక్కించాను. ప్రతి రింగుకీ ఒకచోట చిన్న సందు ఉంటుంది. నేను ఆ సందులన్నీ పైనుంచి కిందికి ఒకే వరుసలోకి తెచ్చి, ఎంత నీటుగా వచ్చిందో అని మురిసిపోయాను. ఫైళ్ళకి ట్యాగులు కట్టే చెయ్యి నాది. వరస తప్పితే నాకు తోచదు.

"తప్పు" అన్నాడు గోడ అవతలి నుంచి. చెయ్యి చాపి, బండికి పక్కన బిగించి ఉన్న నల్లటి టూల్ బాక్సు మూత మీద ఇంటూ పెట్టాడు.

పుస్తకం రెండు రోజులు తిరగేశాను. సందులన్నీ ఒకే వరసలో ఉంటే మండిన గ్యాసు వాటి వెంబడి తిన్నగా కిందికి దిగిపోతుంది, ఆయిల్ పైకెక్కుతుంది, మళ్ళీ అదే పొగ. రింగులు తిప్పి, సందుల్ని తలో దిక్కూ పెట్టాను.

"ఎగ్జామినర్ గారూ, సూడండి."

కళ్ళద్దాలు పైకెత్తి చూశాడు. జేబులోంచి గుడ్డ తీసి ఇంటూ తుడిచాడు. బాగుందనలేదు. నేను బతికి ఉన్నట్టు కూడా చూడలేదు.

తర్వాత వాల్వులు. వాటికి గ్రైండింగ్ పేస్టు పూసి, రబ్బరు కప్పున్న పుల్లని అరచేతుల మధ్య పెట్టి, కవ్వం తిప్పినట్టు ఒక పూటంతా తిప్పాను. అంచులు వెండిలా మెరిశాయి. అయిపోయింది అనుకున్నాను.

"కిరోసిన్" అన్నాడు.

వాల్వు వెనక దారిలో కిరోసిన్ పోశాను. ఐదు నిమిషాల్లో ఇవతలి అంచు తడిసింది. కిరోసిన్ కారిందంటే గ్యాసూ కారుతుంది. మళ్ళీ ఇంటూ. ఇంకో మూడు రోజులు తిప్పాను. అరచేతులు బొబ్బలెక్కి అన్నం కలుపుకోలేకపోతే చెంచాతో తిన్నాను. నాలుగో రోజు కిరోసిన్ పోసి గంట చూశాం, ఆయన అటు, నేను ఇటు. చుక్క దిగలేదు. గుడ్డ తీసి తుడిచాడు. మళ్ళీ ఏమీ అనలేదు.

ఈ రెండు ఇంటూలనీ నేను అవమానాల్లో వేయను. ఆ రెండుసార్లూ తప్పు నాదే. పెట్టాడు, దిద్దుకున్నాను, తుడిచాడు. కానీ అప్పటికి నాకు ఒక పంతం పట్టింది. ఈసారి ఆయన చెయ్యి చెవి మీదికి పోకూడదు. ఆయన చూసి, విని, సుద్ద తీయకుండా లేచి వెళ్ళిపోవాలి. ఆ మనిషి దగ్గర అంతకు మించిన మెప్పు లేదు. ఆ మెప్పు ఒక గుమస్తాకి రావాలి.

బండి స్టార్ట్ చేసే రోజు ఆదివారం. టీ గ్లాసులతో పదిమంది దాకా పోగయ్యారు. ఏడో కిక్కుకి అందుకుంది. పొగ లేదు. వెనక తెల్ల కాగితం పట్టుకుని చూపించాను. మచ్చ పడలేదు. అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన తల ఒక పక్కకి వంచి విన్నాడు. ఇంజన్ పైనుంచి సన్నగా టిక్ టిక్ మని చప్పుడు వస్తోంది. చెయ్యి చెవి మీదికి పోయింది.

"తప్పు."

"ఏటి తప్పు?" అన్నాను. అంతకు ముందు ఎప్పుడూ అడగలేదు. ఆయన కూడా అంతకు ముందు ఎవరికీ చెప్పలేదు.

"ట్యాపెట్ సప్పుడు. వదులుగా ఒగ్గేసినావు."

"వదులు కాదు. ట్యాపెట్‌కీ వాల్వుకీ నడుమ సందు గేజ్ పెట్టి పుస్తకంలో ఉన్నంతే ఒదిలినాను. ఇంజన్ వేడెక్కితే ఇనుము పెరుగుతాది. ఆ సందు నేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, మాడిపోద్ది. ఈ బండికి ఆ సప్పుడు ఉండాల."

"పుస్తకం ఇంటాదేటి గుమస్తా? సెవి ఇంటాది. నలభయ్యేళ్ళు ఇంజన్లు ఇన్నాను."

"మీరు ఇన్నవి రైలింజన్లు. ఇది మోటర్ సైకిలు."

ఎవరో "ఓలమ్మో" అన్నారు. ఆయన మొహం ఎర్రబడింది. టూల్ బాక్సు మూత మీద, పాత రెండింటికంటే పెద్దగా, సుద్ద విరిగేలా ఇంటూ కొట్టాడు.

"బిగించి పిలు. తుడుస్తాను."

"బిగించను."

"ఐతే అలాగే తిరుగు, ఫెయిలైన బండి మీద."

తిరిగాను. పద్నాలుగు నెలలు తిరిగాను. ఆ ఇంటూతోనే డ్యూటీకి వెళ్ళాను, హిజ్లీ దాకా పోయి వచ్చాను, పెళ్ళిళ్ళకి వెళ్ళాను. రోజూ సైరన్ కూసే వేళకి, కావాలనే, గోడ పక్కనే స్టార్ట్ చేసేవాణ్ణి. టిక్ టిక్ మనేది. ఆయన మొహం తిప్పుకునేవాడు. మా ఆవిడ "ఇంట్లో కిరోసిన్ ఉంది, గుడ్డ ఉంది, తుడిసేస్తే ఓ పనయిపోద్ది కదా" అనేది. "నేను పెట్టలేదు, నేను తుడవను" అనేవాణ్ణి. బండి కడిగినప్పుడు కూడా ఆ మూత జోలికి పోలేదు. ఇది రెండో అవమానం. దీన్ని నేను కాలనీ అంతా ఊరేగించాను.

పోయిన నెల ఒక బుధవారం సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చాడు. గోడ దగ్గరికి కాదు. చుట్టూ తిరిగి, గేటు తీసుకుని, మెట్ల దాకా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కాస్త ఆయాసపడుతున్నాడు. బండి దగ్గరికి వచ్చి, పిడికిలి తెరిచి ఒక వాల్వుని నడుమెత్తు గోడ మీద పెట్టాడు. దాని అంచు ఒక చోట ఎలుక కొరికినట్టు మాడి, తెగిపోయి ఉంది.

"అల్లుడి బండిది" అన్నాడు. "నీ మోడలే. సప్పుడు నేకుండా నా సేత్తోనే బిగించినాను."

రెండో చేతిలో గుడ్డ ఉంది. కిరోసిన్ వాసన నాకు గుప్పున తగిలింది. వంగి టూల్ బాక్సు మీద చెయ్యి వేయబోయాడు.

"ఆగండి" అన్నాను.

వంగినవాడు వంగినట్టే తలెత్తి చూశాడు.

"ఇప్పుడు తుడిస్తే ఎవులు సూస్తారు? మీరు ఆదివారం పొద్దున పెట్టినారు, పదిమంది ముందు. తుడిసేదీ ఆదివారం పొద్దునే. ఆ పదిమంది ముందే."

గుడ్డ పట్టుకునే నడుం నిటారు చేశాడు. కోప్పడతాడనుకున్నాను.

"నీకింత పెంకితనం ఎవులు నేర్పినారు?"

"మీరే. ఆరేళ్ళు నా టేబుల్ మీద రాసి పెట్టినారు కదా."

"టేబులు కూడా ఒగ్గలేదేటి!" అని నవ్వాడు. ఆయన నవ్వగా చూడటం అదే మొదలు. పైవరసలో పళ్ళు లేవు. నవ్వి, దగ్గి, మెట్టు మీద కూర్చుండిపోయాడు. "ఆ గ్యాస్కెట్ల సీటీ మీద సంతకం నేదు. నిజమే. నువ్వు ఇవ్వకపోవడమే రైటు. అందుకే ఒళ్ళు మండింది."

మా ఆవిడ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగి, గుడ్డ మడత పెట్టి జేబులో పెట్టుకుని లేచాడు.

"ఠీక్ హై. ఆదివారం. టీ మాత్రం నువ్వే పెట్టించాల."

"పెట్టిస్తాను."

మాడిన వాల్వుని గోడ మీదే వదిలి వెళ్ళాడు. గురువారం నేను టీ కొట్టువాడికి చెప్పాను, ఆదివారం పొద్దున పది గ్లాసులు, అల్లం దండిగా వేసి. ఎందుకని అడిగితే వస్తే తెలుస్తుందన్నాను.

శుక్రవారం సైరన్ కూసింది. గోడ మీదికి మోచేతులు రాలేదు. తెల్లవారకముందే గుండెనొప్పి వస్తే ఆస్పత్రికి తీసుకెళ్ళారని తర్వాత తెలిసింది. మధ్యాహ్నానికి కబురొచ్చింది. శనివారం దహనం చేశారు. నేనూ వెళ్ళాను, భుజం పట్టాను. ఆ మాట సభలో ఎవరూ చెప్పలేదు, చెప్పనక్కర్లేదు.

ఆదివారం పొద్దున బండిని గోడ పక్కకి తెచ్చి నిలబెట్టాను. టీ మాట వద్దనడం నాకు తోచలేదు, కొట్టువాడు కెటిల్‌తో వచ్చేశాడు. పరామర్శకి వచ్చినవాళ్ళు ఎందుకో ఏమిటో తెలియక తలో గ్లాసూ అందుకున్నారు. ఒక గ్లాసు గోడ మీద, వాల్వు పక్కన పెట్టాను. బండి స్టార్ట్ చేశాను.

"ఏటిది గుమస్తా, సావింటి ముందర!" అన్నారెవరో.

"ఆదివారం అన్నారు. నాకు మాటిచ్చినారు" అన్నాను.

చప్పుడు విని ఆయన భార్య పెరటి వైపు నుంచి గోడ దగ్గరికి వచ్చింది. నేను ఆవిడని అక్క వరసన అప్పా అంటాను. ఆవిడ చేతిలో మడత పెట్టిన గుడ్డ ఉంది.

"బుధవారం కాడి నుంచీ జేబులోనే ఎట్టుకున్నాడు. ఉతుకుతానంటే ఇయ్యలేదు. ఆదివారం పనుందన్నాడు. నాను తుడిసేదా తమ్ముడా?"

"వద్దప్పా. అది నువ్వు తుడిసేది కాదు."

ఆవిడ కాసేపు ఇంజన్ వైపు చెవి పెట్టి విన్నది. "ఇంతోటి సప్పుడుకేనా మీ ఇద్దరూ? బాగానే ఉంది కదా!"

"నువ్వు ఎగ్జామినర్‌వి కాదప్పా" అన్నాను.

అన్నాక, అనకుండా ఉండాల్సిందని చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలు చూస్తే తెలిసింది. ఆవిడ మాత్రం పైట నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. "ఇదిగో, అచ్చం ఇదే మాట. పెళ్ళయిన కాడి నుంచీ ఇదే మాట" అంది. ఆ గుడ్డని గోడకున్న మేకుకి తగిలించి లోపలికి వెళ్ళిపోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది. బండి మీద ఇంటూ కూడా అలాగే ఉంది.

బుధవారమే తుడవనిచ్చి ఉంటే బాగుండేది కదా అని చాలామంది అన్నారు. మా ఆవిడ కూడా అంది. నేను అలా అనుకోవడం లేదు. సాయంత్రం చీకట్లో, ఎవరూ చూడకుండా తుడిపించుకుంటే అది ఆయనకీ నాకూ తగిన పని కాదు. నవ్వాడు అంటే ఆయనకి ఆ సంగతి తెలుసు.

మొదటి రెండు అవమానాలూ ఆ బుధవారం మెట్ల మీదే తేలిపోయాయి. మూడోది తేలదు. పదిమంది ముందు వస్తానని మాటిచ్చి ఆయన రాలేదు. నేను నా మాట ప్రకారం బండి తెచ్చి నిలబెట్టాను. టీ పెట్టించాను. గోడ మీది గ్లాసు చల్లారి మీగడ కట్టేదాకా ఇంజన్ ఆపలేదు.